కంకర తీసి ఇసుక పోసిన ఆదివారం

మా వీధి చివర ఒక ఇల్లు లేస్తోంది. నిన్న సాయంత్రం అటుగా నడిచి వస్తుంటే ఇద్దరు కూలీలు జల్లెడ వాల్చి ఇసుక జల్లిస్తున్నారు. దుమ్ము లేవకుండా ఒకామె చెంబుతో నీళ్ళు చిలకరిస్తోంది. ఈ రోజుల్లో ఇసుక పేరుతో వచ్చేదంతా రాతిపొడి. దానికి వాసన ఉండదు. ఇది మాత్రం ఎక్కడినుంచి తెచ్చారో గానీ నిజమైన ఏటి ఇసుక. తడి తగలగానే అందులోంచి నాచు, తుప్పు, చేపపొలుసు కలిసిన వాసన ఒకటి లేచింది. డెబ్బై దాటిన మనిషిని, చేతిలో కూరగాయల సంచితో, తిరువళ్ళూరు నడివీధిలో ఆ కుప్ప ముందు నిలబడిపోయాను. "ఏం పెద్దాయనా, ఏమన్నా పారేసుకున్నారా?" అని ఆ కూలీమనిషి అరవంలో అడిగింది. లేదని తల ఊపి వచ్చేశాను. ఆమెకు అబద్ధమే చెప్పాను.

ఆ వాసన నాకు నాగలింగం అనే మనిషిది. ఆయన పేరు ఏ పుస్తకంలోనూ లేదు. తిరుత్తణి నేతగాళ్ళ వీధిలో నూలుకు రంగులు వేసి బతికినవాడు. నలభై ఏళ్ళకు పైగా నేను మూఢనమ్మకాల మీద రాస్తున్నాను, మాట్లాడుతున్నాను. నా రాతల్లో పనికొచ్చేది ఏమైనా ఉంటే అందులో ఎక్కువ పాలు ఆయన దగ్గర నేర్చుకున్నదే. ఇప్పుడు చేపల తొట్లు అమ్మే దుకాణాల్లో ఒక చేపను చూపించి, ఇది చచ్చిపోతే యజమానికి రావలసిన కీడు దానితోనే పోయినట్టు అని చెప్పి అంటగడుతున్నారు. చదువుకున్నవాళ్ళే కొంటున్నారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ మంటలో సగం నా మీదే. అచ్చం అలాంటి నమ్మకం ఒక వీధిలో పుట్టడం నేను దగ్గరుండి చూశాను. దానికి పురుడు పోసిన చేతులు నావి.

మాది తిరుత్తణి పక్కన కే.జీ.కండిగై. ఎమర్జెన్సీ పోయిన మరుసటి ఏడు నాకు ఇరవై నాలుగేళ్ళు. తిరువళ్ళూరులో ఒక ఆఫీసులో గుమాస్తాను. రోజూ రైల్లో పోయి వచ్చేవాణ్ణి. తిరుత్తణిలో నేతగాళ్ళ వీధిలోనే ఒక గది అద్దెకు తీసుకున్నాను. ఆ వీధి మూల మీద పత్రికలు చదువుకునే గది ఉండేది. అరవంలో పడిప్పగం అనేవాళ్ళు. ఆదివారాలు అక్కడ వాదనలు జరిగేవి. కొండ మీద దేవుడున్న ఊళ్ళో, కొండ కిందనే నిలబడి దేవుడు లేడని అరవడంలో ఒక మజా ఉండేది. నేను బాగా అరిచేవాణ్ణి.

ఒక ఆదివారం అగ్నిగుండం తొక్కేవాళ్ళ మీద విరుచుకుపడ్డాను. అరికాళ్ళకు కలబంద రసం దట్టంగా పూసుకుని జనాన్ని మోసం చేస్తున్నారని బల్ల గుద్ది చెప్పాను. చప్పట్లు పడ్డాయి. వెనక గోడకు ఆనుకుని నిలబడిన ఒకాయన చేయి ఎత్తాడు. మోచేతి దాకా నీలం అంటిన చేయి. యాభై దాటిన మనిషి.

"తంబీ, కలబంద పూసుకునేది నువ్వు చూసినావా?"

"అందరికీ తెలిసిన విషయమే కదా!" అన్నాను, వేదిక భాషలోనే.

"నాకు తెలీదప్పా. పదేండ్లుగా గుండం పక్కనే నిలబడి చూస్తా ఉండా. ఎవురూ ఏమీ పూసుకోలే."

"అయితే దేవుడే కాపాడుతున్నాడని మీ అభిప్రాయమా?"

"నేను అట్ల అన్నానా? నువ్వు చెప్పిన కారణం తప్పు అంటా ఉండా. పోయిన ఏడు నేనే తొక్కినా. మొక్కూ లేదు, కలబందా లేదు. నిప్పు మింద బూడిద కట్టినాక గబగబా నడిచినా, కాలలే. మల్లా ఒకసారి మెల్లగా నడిచి చూసినా. రెండో అడుక్కే బొబ్బ లేచింది. కావాలంటే మచ్చ చూపిస్తా."

గదంతా నవ్వింది. ఆయన నిజంగానే చెప్పు విడిచి అరికాలు చూపించాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సభ ముగిశాక గుమ్మం దగ్గర నా కోసం ఆగి ఉన్నాడు. "నీ మాట సరిగ్గానే ఉండాది తంబీ. సాక్ష్యమే దొంగది. రేపు ఎవుడన్నా ఆ దొంగ సాక్ష్యాన్ని పట్టుకుంటే, దాంతో పాటు మన మాట కూడా కొట్టుకుపోతాది. రా, ఇంట్లో కాఫీ తాగి పోదువు" అన్నాడు. ఓడించినవాడి ఇంట్లో కాఫీ తాగడానికి వెళ్ళడం నా జీవితంలో అదే మొదటిసారి.

ఇంట్లో ముందుగదిలో గుంత మగ్గం. గుంతలో కాళ్ళు పెట్టుకుని ఆయన భార్య పట్టమ్మ లుంగీ నేస్తోంది. ఆమెను వదినా అని పిలవడం ఆ పూటే మొదలుపెట్టాను. ఆమె నా వైపు తల తిప్పకుండానే, "కొండ మింద సామి లేడని మైకులో అరిచేది నువ్వేనా? ఈ పక్కకు వినబడింది. ఆ పక్క కొండకు వినబడిందో లేదో" అంది. నాగలింగన్న పకపకా నవ్వాడు. ఆమె నెలనెలా కృత్తిక నాడు కొండ ఎక్కుతుంది, ఆయన ఎక్కడు. ఆ ఇంట్లో దాని గురించి జగడం లేదు. నా వయసుకు అది అర్థం కాలేదు. రాజీ పడిపోయిన మనిషి అనుకున్నాను.

వాళ్ళ నాన్న కాలంలో పెరట్లో నీలిమందు తొట్టి ఉండేదట. ఆకు పులియబెట్టి, దాన్ని నెలల తరబడి బతికించుకుంటూ నూలు ముంచేవాళ్ళు. ఆ తొట్టికి వంద కట్టుబాట్లు. దాని దగ్గర చావు కబురు చెప్పకూడదు. ముట్టయిన ఆడవాళ్ళ నీడ పడకూడదు. మూలకు నిమ్మకాయ కట్టకుండా మూత తీయకూడదు. వాళ్ళ నాన్న పోయాక నాగలింగన్న ఒక్కో కట్టుబాటునూ వరసగా తెంచి చూశాడట. ఒకేసారి కాదు, ఒక్కొక్కటిగా, ఒకదానికీ ఇంకోదానికీ నడుమ పది రోజులు ఆగి. "చావు కబురు చెప్పినా, తొట్టి బాగానే ఉండింది. నిమ్మకాయ పీకేసినా, బాగానే ఉండింది. మీ వదినను పిలిచి పక్కనే కూచోబెట్టినా, ఇంకా బాగుండింది" అని చెప్పి ఆమె వైపు చూశాడు. "సిగ్గులేని మనిషి" అంది ఆమె మగ్గంలోంచి.

ఆ కథ నాకు పండగలాగా ఉండింది. సభల్లో ఎన్నిసార్లు చెప్పుకున్నానో లెక్కలేదు. కథలో మిగిలిన ముక్క ఒకటుందని అప్పుడు నాకు తెలియదు.

నీలి తొట్టి తీసేసిన తర్వాత ఆయన పెట్టుకున్నది చేపల తొట్టి. ఇనుప కమ్మీల చట్రంలో కిటికీ అద్దాలు బిగించి, లక్కముద్దతో సందులు పూడ్చి తానే చేసుకున్నాడు. మద్రాసు నుంచి తెచ్చే రంగురంగుల చేపలు కావు. ఎండాకాలం నందియేటిలో నీళ్ళు ఇంకిపోయే గుంతల్లో చిక్కుకున్న అయిరె చేపలు. వేలెడంత కూడా ఉండవు. మట్టిరంగు మీద నల్ల చుక్కలు, నోటి చుట్టూ సన్న మీసాలు. ఆ మీసాలతోనే తడుముకుంటూ ఏటి అడుగున తిండి వెతుక్కుంటాయి. ఇసుకను నోట్లోకి తీసుకుని, తినేది మింగి, మిగిలింది మొప్పల్లోంచి వదిలేస్తాయి. భయమేస్తే ఇసుకలోకి దూరి కళ్ళు మాత్రం బయట పెట్టుకుంటాయి. వాటిని ఎందుకు పెంచుతున్నావన్నా అని అడిగితే, "అవి ఏం చేస్తాయో నాకు తెలీదు గదా, అందుకు" అన్నాడు.

అప్పటికే ఆయన రెండు కళ్ళలోనూ పొరలు కమ్ముతున్నాయి. నూలు రంగు తేడా పట్టమ్మ వదిన చూసి చెప్పాల్సి వచ్చేది. చేపలను చూసి చెప్పే పని నాకు పడింది. నేత దారాలు లెక్కపెట్టే చిన్న భూతద్దం ఒకటి నా చేతికిచ్చి, పక్కన మోకాళ్ళ మీద కూర్చునేవాడు.

"ఏం కనబడతా ఉండాది?"

"చేపలు దిగులుగా ఉండాయన్నా."

"దిగులు యాడుండాది, తోకలోనా? కనబడింది చెప్పు, అనుకునింది చెప్పొద్దు."

"రెండు మూలలో కదలకుండా ఉండాయి. తక్కినవి అద్దం వెంబడి పైకీ కిందికీ తిరగతా ఉండాయి."

"మీసాలు?"

భూతద్దం అద్దానికి ఆనించి చాలాసేపు చూశాను. "కొన్నిటికి పొట్టిగా ఉండాయి. ఒకదానికి ఎడమపక్క అసల్లేవు."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. "కంకర కోసేస్తా ఉండాది. నాదే తప్పు." తొట్టి అడుగున ఆయన పోసినది క్వారీ నుంచి తెచ్చిన సన్న కంకర, అంచులన్నీ పదును. ఇసుకలో పుట్టిన చేపలను తెచ్చి కత్తుల మీద వదిలానని ఆయన బాధ. ఆ పూటే నిశ్చయమైపోయింది: కంకర తీసేసి ఇసుక పోయాలి.

ఆ ఇసుక కోసం మేము పడ్డ పాట్లు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నందియేటి ఇసుకలో బంకమన్ను ఎక్కువ. తిరువళ్ళూరు పక్కన కుశస్థలి ఏటి ఇసుక గుండ్రంగా, శుభ్రంగా ఉంటుందని నేనే గొప్పగా చెప్పాను. చెప్పినందుకు మోయడమూ నాకే పడింది. ఆఫీసు వదిలాక ఏటికి సైకిలు తొక్కి, గుడ్డసంచిలో ఇసుక నింపుకుని రైలెక్కేవాణ్ణి. "ఏమప్పా, తిరుత్తణికి ఇసుక మోస్తా ఉండావు? ఆడుండే కొండ చాలదని ఇంకో కొండ కడతావా?" అని రోజూ ఎదురు సీటులో కూర్చునే బెల్లం వ్యాపారి వెక్కిరించేవాడు. నాగలింగన్న ప్రతి సంచిలోంచీ గుప్పెడు తీసి, పళ్ళెంలో పోసి, రంగుల గదిలోని యాసిడ్ ఒక చుక్క వేసేవాడు. బుడగలు లేస్తే అందులో గవ్వల సున్నం ఉన్నట్టు, ఆ నీళ్ళు చేపలకు పడవు. చెవి దగ్గర పెట్టుకుని బుస్సుమంటుందేమో వినేవాడు. రెండు సంచులు పనికిరావని తేల్చాడు. నేను మళ్ళీ మోశాను. విసుగు రాలేదు. ఆ పళ్ళెం పక్కన ఆయనతో కూర్చోవడం కోసం ఎన్ని సంచులైనా మోసేవాణ్ణి.

అంతలో మద్రాసు కంటి ఆసుపత్రి నుంచి కబురొచ్చింది, వచ్చి చేరమని. ముందు ఒక కన్ను, కొన్ని నెలల తర్వాత రెండోది. పట్టమ్మ వదినకు ఇష్టం లేదు. వాళ్ళ చిన్నాయన ఒకాయన కంటి ఆపరేషనుకని పోయి గుడ్డివాడై తిరిగొచ్చాడు. "ఉన్న కాడికి చాలు. నేను చూసి చెప్తా ఉండాగదా" అని ఏడ్చింది. ఎలాగో ఒప్పించాడు. మద్రాసులో ఆయన తమ్ముడు దగ్గరుండి చూసుకుంటాడు, మగ్గం మీద ఉన్న పని ఆగకూడదు గనుక ఆమె ఇంట్లోనే ఉండేటట్టు ఏర్పాటు. శుక్రవారం బయల్దేరుతూ తొట్టి నాకు అప్పగించాడు.

"తంబీ, ఒక మూల మాత్రం మార్చు. నాలుగో వంతు, అంతే. తీసిన కంకర కడగొద్దు. మీ వదిన దగ్గర వదులు నేత గుడ్డ ఉండాది, దాంట్లో మూటగట్టి తొట్టిలోనే వేలాడదియ్యి. అది తోడు. పాత నీళ్ళు కూడా పారబొయ్యొద్దు. మిగతాది నేనొచ్చినాక వారానికి కొంచెం మారుద్దాం."

తోడు! పాలలో వేసే పెరుగు చుక్కలాగా, మురికి కంకరకు పూజ. నాకు లోలోపల నవ్వొచ్చింది. నిమ్మకాయ పీకేసిన మనిషిలో కూడా ఆ పాత తొట్టి కట్టుబాటు ఒకటి మిగిలిపోయిందే అనుకున్నాను. ఎంతటివాడికైనా ఒక మూల చీకటి ఉంటుంది, అది నేను తుడిచిపెట్టాలి అనుకున్నాను. ఆ గర్వం ఎంత తియ్యగా ఉండిందో నాకు ఇప్పటికీ గుర్తు.

ఆదివారం పొద్దున వదిన కొండకు పోయింది. నేను చేపలను బిందెలో వేసి, తొట్టిలో కంకరంతా ఒక్క రాయి మిగలకుండా తోడేశాను. దాని అడుగున పేరుకున్న గోధుమరంగు మడ్డి చూసి అసహ్యమేసింది. కంకర తీసుకుపోయి వీధి గుంతలో పోశాను. అద్దాలు ఉప్పేసి కొబ్బరిపీచుతో రుద్దాను. ఇసుకను పదకొండు నీళ్ళు కడిగి, తొట్టి నిండా పరిచి, బావినీళ్ళు కొత్తవి నింపాను. సాయంత్రానికి నీళ్ళు తేరాయి. చేపలను వదిలాను. పదకొండు చేపలూ కిందికి దిగి, ఇసుకను నోటితో తడిమి, ఒక్కసారిగా అందులోకి దూరిపోయాయి. ఇరవై రెండు కళ్ళు ఇసుకలోంచి నన్ను చూశాయి. అంత సంతోషం నాకు ఏ సభలోనూ కలగలేదు. ఆయన తిరిగి రాగానే ఇది చూపించి, చూడు, తోడూ లేదు ఏమీ లేదు అని చెప్పాలని ఎదురుచూశాను.

బుధవారం మూడు చేపలు ఇసుకలోంచి బయటికొచ్చి నీళ్ళపైన నోరు తెరిచి మూసుకుంటున్నాయి. గురువారం అవి చచ్చిపోయాయి. కంగారుగా మళ్ళీ నీళ్ళు మార్చాను. శుక్రవారం ఇంకో ఐదు. శనివారం పొద్దునకు తొట్టిలో ఇసుక మాత్రం మిగిలింది, తెల్లగా, ఎంతో శుభ్రంగా.

ఆ శనివారం మధ్యాహ్నమే మద్రాసు నుంచి కార్డు వచ్చింది. ఆపరేషను బాగా జరిగింది, మంగళవారం ఇంటికి పంపిస్తారని తమ్ముడు రాశాడు. వదిన అరవమే తప్ప చదవలేదు గనుక, తెలుగులో ఉన్న ఆ కార్డు నేనే చదివి వినిపించాను. ఎదురింటి అమ్ములవ్వ గుమ్మంలో నిలబడి వింది, తొట్టి వైపు చూసింది, రెండు చేతులూ చెంపలకు తాకించుకుంది.

"తెలిసిందా పట్టమ్మా? ఆయన కంటికి రావాల్సింది ఆ మూగజీవాలు తీసుకుపోయినాయి. నోరులేని చేపలు తాళి కట్టించుకున్న దానికంటే మేలు చేసినాయి, చూడు."

వదిన ముఖం నేను మర్చిపోలేను. ఆయన మద్రాసు పోయిన రోజు నుంచి ఆమె సరిగ్గా తిండి తినలేదు. కంచం ముందు కూర్చుని లేచిపోయేది. అవ్వ మాట వినగానే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది, వెక్కి వెక్కి ఏడ్చింది, తర్వాత లేచి అన్నం పెట్టుకుని తింది. నాకూ పెట్టింది. ఆమె ఎదురుగా కూర్చుని నేనూ తిన్నాను. నా నోటి దాకా వచ్చింది: వదినా, చేపలు ఎవరి కీడూ తీసుకుపోలేదు, నేను చంపాను. చెప్పలేదు. ఆమె తింటోంది కదా, రేపు చెబుదాం అనుకున్నాను. అది దయ అని నాకు నేను చెప్పుకున్నాను. దయ పక్కనే ఇంకోటి ఉంది, పిరికితనం. ఊరంతటికీ మూఢనమ్మకాలు వదిలించే వీరుడు ఒక మూఢనమ్మకం చాటున నక్కి కూర్చున్నాడు. అది నాకు ఎంత చక్కగా సరిపోయిందంటే, నా కొలతలకు కుట్టించినట్టు ఉంది.

ఆదివారం నాకు పడిప్పగంలో ఉపన్యాసం ఉంది. జ్వరమని చెప్పి పోలేదు. సోమవారం సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి వదిన నా కోసం గుమ్మంలో కాచుకుని ఉంది.

"తంబీ, రెండో కంటికి పొయ్యే ముందర మల్లా పదకొండు చేపలు పట్టుకొచ్చి పెడదాం. నువ్వే తేవాల. అమ్ములవ్వ మనవడికి కూడా గుండెలో ఓట, చిల్లి అంట, వేలూరు ఆసుపత్రికి తీసుకుపోతా ఉండారు. వాళ్ళూ ఒక గాజు తొట్టి కావాలంటా ఉండారు. చచ్చేదానికి ఎన్ని దినాలు పట్టిందో నువ్వు చూసినావు గదా?"

మూడు రోజుల వయసు ఆ నమ్మకానికి. అప్పటికే దానికి లెక్క వచ్చింది, పదకొండు. పద్ధతి వచ్చింది. రెండో ఇంటికి కూడా పోయింది. వేల ఏళ్ళ కిందట ఇవి ఎలా పుట్టాయని వేదికల మీద కథలు చెప్పేవాణ్ణి. ఎవడో దొంగ పూజారి కూర్చుని కల్పించాడనేవాణ్ణి. ఇక్కడ దొంగ పూజారి లేడు. భయపడ్డ ఒక ఆడమనిషి, మంచి మనసున్న ఒక ముసలామె, నిజం తెలిసీ నోరు మూసుకున్న ఒక చదువుకున్నవాడు. అంతే చాలింది.

మంగళవారం నాగలింగన్న వచ్చాడు. కంటికి ఆకుపచ్చ గుడ్డ. రెండో కన్ను ఎలాగూ మసక. తమ్ముడు చేయి పట్టుకుని కూర్చోబెట్టాడు. వదిన గుమ్మంలోనే దిష్టి తీసి, చేపల సంగతి అంతా ఒక్క ఊపిరిలో చెప్పేసింది. ఆయన తడుముకుంటూ లేచి తొట్టి దగ్గరికి పోయి, చొక్కా చేయి మడిచి నీళ్ళలోకి చేయి దించాడు. ఇసుకను ఒక మూల నుంచి ఇంకో మూల దాకా వేళ్ళతో దువ్వాడు. అడుగు దాకా తోసి చూశాడు. తర్వాత అంచుల వెంట వేలాడే మూట కోసం వెతికాడు. మూట లేదు. తడిచేయి అలాగే పట్టుకుని నా వైపు తిరిగాడు.

"నా తలకు రెండు పక్కలా ఇసుక మూటలు పెట్టి, కదిలితే కన్ను పోతాదని పండబెట్టినారు తంబీ. ఆడ పండుకోని ఈ ఇసుకనే తల్చుకుంటా ఉన్నా." తడిచేయి పంచెకు తుడుచుకున్నాడు. "చెప్పు. ఏం కనబడతా ఉండాది?"

అమ్ములవ్వ ఉంది. వదిన ఉంది. ఆయన తమ్ముడు ఉన్నాడు.

"తొట్టిలో ఇసుక తప్ప ఏమీ లేదన్నా. మొత్తం నేనే మార్చేసినా. పాత కంకర పారేసినా. నీళ్ళు కూడా పారబోసినా. చేపలను నేను చంపినా. ఎవురి కీడుతోనూ వాటికి పని లేదు."

ముందు నోరు విప్పింది అవ్వ. "అట్లనా? సరి. సామి నీ చేత చేయించినాడు, అంతే" అంది తాపీగా. నా ఒప్పుకోలును కూడా ఆ నమ్మకం ఇడ్లీ మింగినట్టు మింగేసింది. నాగలింగన్నకు నవ్వాగలేదు. కన్ను కదలకూడదని రెండు చేతులతో ముఖం పట్టుకుని నవ్వాడు. వదిన నవ్వలేదు.

"నేను ఆ పొద్దు అన్నం తినేటప్పుడు నీకు తెలుసునా?" అంది.

"తెలుసు వదినా."

ఆమె లోపలికి పోయింది. చాలా నెలలు నాతో మాట్లాడలేదు. కాఫీ మాత్రం పెట్టేది. గ్లాసు నా చేతికి ఇవ్వకుండా గట్టు మీద పెట్టేది.

ఆయన నన్ను ఒక్క మాటా తిట్టలేదు. ఎందుకు పారేశావని అడిగాడు. తోడు అనేది నీలో మిగిలిపోయిన మూఢనమ్మకం అనుకున్నానని చెప్పాను. అప్పుడు చెప్పాడు ఆ మిగిలిన ముక్క. కట్టుబాట్లన్నీ తెంచినప్పుడు చివరికి తోడు వేసే కట్టుబాటును కూడా తెంచాడట, పాత నీలి చుక్క వేయకుండా కొత్త తొట్టి పెట్టి. ఇరవై రోజులు కాచుకున్నా రంగు పట్టలేదు. రెండోసారి చేశాడు, పట్టలేదు. పాతది చెంబెడు పోస్తే నాలుగు రోజుల్లో పట్టింది. "వంద అబద్ధాల నడమ అదొక్కటి నిజం తంబీ. తెంచకుండా ఎట్ల తెలస్తాది? నువ్వు తెంచింది తప్పు కాదు. పదకొండు ప్రాణాల మింద తెంచినావు, రెండు చేపలు పెట్టి చూసింటే సరిపొయ్యేది." ఆ గోధుమరంగు మడ్డిలో కంటికి కనబడని జీవులుంటాయని, చేపల మలంలోంచి పుట్టే విషాన్ని అవి తినేసి నీటిని బతికిస్తాయని తర్వాత నేను పుస్తకాల్లో చదివాను. ఆయన చదవలేదు. చేసి చూశాడు.

ఏటికి పోయి, పాకుడు పట్టిన గులకరాళ్ళు నాలుగు తడిగుడ్డలో చుట్టి తెచ్చాం. వాటినే తోడుగా ఇసుకలో పెట్టి, రెండే చేపలు వదిలి, నెలన్నర కాచుకున్నాం. తొట్టి నిలబడింది. ఆ తర్వాత ఏడేళ్ళు, పెళ్ళై నేను తిరువళ్ళూరుకు కాపురం మారాక కూడా, ఆదివారాలు రైలెక్కి అక్కడికే పోయేవాణ్ణి. మగ్గం చప్పుడు, ఉడికే రంగుల వాసన, మోకాళ్ళ మీద ఆయన, చేతిలో భూతద్దంతో నేను. మీసాలు పెరిగిన సంగతి నేను చెబితే, ఎంత పెరిగాయి, బియ్యపుగింజంతనా, నువ్వుగింజంతనా అని నిలదీసేవాడు. ఆ తర్వాత చాలా గొప్పవాళ్ళ పక్కన కూర్చున్నాను. అలా నిలదీసే మనిషి మళ్ళీ దొరకలేదు. ఆదివారం మధ్యాహ్నాలు ఇప్పటికీ నాకు గడవవు.

కానీ ఒక సంగతి చెప్పకపోతే ఇదంతా దొంగ సాక్ష్యమే. రెండో కంటికి ఆపరేషను జరగలేదు. వదిన ఒప్పుకోలేదు. ఎవరెంత చెప్పినా, ఆయన బతిమాలినా ససేమిరా అంది. ఆయన సోడాబుడ్డి లాంటి అద్దంతో ఒక్క కంటి మీదనే చివరిదాకా నెట్టుకొచ్చాడు. నేను నోరు మూసుకుని ఉంటే ఆమె ఇంకో పదకొండు చేపలు పెట్టి, ధైర్యంగా మద్రాసు పంపించి ఉండేది కదా అనే ముల్లు నాలో దిగింది. ఒకసారి తిరుత్తణి స్టేషనులో నా రైలు కోసం కూర్చున్నప్పుడు ఆయన్నే అడిగేశాను: నేను నిజం చెప్పడం వల్లేనా అన్నా నీకు ఒక కన్ను పోయింది?

"నాకెట్ల తెలస్తాది? ఒద్దనింది మీ వదిన. ఆమెను అడుగు. ఏం చెప్పిందో నాకూ చెప్పు. నేను అడిగితే ఏడస్తాది" అన్నాడు. నేను అడగలేదు. ఆ మరుసటి ఏడు వానాకాలంలో, రంగుల గదిలో నూలు పిండుతూనే గుండె ఆగి పోయాడు.

వదిన పెరియపాళయంలో వాళ్ళ చెల్లెలి ఇంటికి చేరింది. రెండేళ్ళ తర్వాత, అమ్మవారి జాతరలు జరిగే ఆడి నెలలో, గుడికి వచ్చే జనంతో కిక్కిరిసిన బస్సులో నిలబడి అక్కడికి వెళ్ళాను. వేపాకుల వాసన మధ్య, వాళ్ళ అరుగు మీద కూర్చుని, చివరికి ఆ ప్రశ్న అడిగాను. ఆమె నన్ను వింతగా చూసింది.

"నువ్వు నిజం చెప్పినందుకని అనుకుంటా ఉండావా, ఇన్నేండ్లూ? పిచ్చోడా. ఆ పొద్దే చెప్పింటే నాలుగు తిట్టి ఊరుకునేదాన్ని. మూడు దినాలు దాచినావు. నా ఎదురుగ్గా కూచోని, నా చేతి అన్నం తింటా దాచినావు. నిజం తప్ప చెప్పడని ఆయన నెత్తిన పెట్టుకున్న మనిషివి నువ్వు. నువ్వే అట్ల దాస్తే, మొగం తెలీని డాక్టర్లు నాకు చెప్పకుండా ఏమేమి దాస్తారో అనుకున్నా. అందుకే రెండో కన్ను వాళ్ళ చేతిలో పెట్టలే."

కోపంగా చెప్పలేదు. చెప్పి, కుంకుమ బొట్టు లేని నుదురు తుడుచుకుని, భోంచేసి పొమ్మంది.

ఆ మాట విన్నాకే నాకు ఒక అలవాటు పట్టింది. అచ్చులో నేను తప్పు రాస్తే, ఎవరూ పట్టుకోకముందే మరుసటి సంచికలో ఒప్పుకుంటాను. పరువు పోతుంది, ఒక వారం ఆగమని సంపాదకులు అంటారు. నేను ఆగను. ఆ రోజు పెరియపాళయం నుంచి తిరిగొచ్చే బస్సులో కిటికీ పక్కన చోటు దొరికింది. ఆమె చెప్పిన మాటలను ఒక్కటి మార్చకుండా, ఆమె చెప్పిన వరసలోనే, పక్క సీటులో ఆయన కూర్చుని వింటున్నట్టు, నాగలింగన్నకు చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పటికీ చెబుతూనే ఉన్నాను.